పొర కాదు, తెర

ఆ కంటి ఆసుపత్రికి వచ్చే వాళ్ళందరికీ పెద్ద డాక్టరమ్మకన్నా ముందు కనిపించేది చీటీలక్క. గుమ్మం దాటగానే ఎడమపక్క ఒక చెక్క బల్ల, దాని మీద మూడు రంగుల చీటీల కట్టలు, వెనకాల కుర్చీలో ఆవిడ. ఎవరొచ్చినా "ఏమైంది?" అని ఒకటే ప్రశ్న. ఎదుటివాళ్ళ జవాబు సగంలో ఉండగానే చీటీ మీద ఒక్క మాట గీకి చేతిలో పెట్టేసేది. తెల్ల చీటీ అంటే తొందర లేదు, తేదీ ఇచ్చి పంపిస్తారు. పసుపు చీటీ అంటే ఇవాళే చూస్తారు, బెంచీ మీద కూర్చోవాలి. ఎర్ర చీటీ అంటే కూర్చోవడాలూ నిలబడడాలూ లేవు, నేరుగా లోపలికే.

పంతొమ్మిదేళ్ళుగా అదే బల్ల, అదే కుర్చీ. చదివింది అంతంతమాత్రమే కానీ కంటి జబ్బుల విషయంలో ఆవిడది చేయి తిరిగిన వ్యవహారం, ఆ మాట ఒప్పుకు తీరాలి. ఒకసారి మురిక్కాలవలు శుభ్రం చేసే మందు కంట్లో చిందిన మనిషిని నలుగురు మోసుకొచ్చారు. కంట్లో నూనె వెయ్యాలని ఒకడు, తేనె వెయ్యాలని ఇంకొకడు వాదించుకుంటుంటే చీటీలక్క ఆ మనిషి జుట్టు పట్టుకుని వరండాలో కుళాయి కింద తల పెట్టి, అరగంట సేపు నీళ్ళు పోస్తూనే ఉంది. పేరు కూడా ఆ తరవాతే అడిగింది. ఆ అరగంటే ఆ కంటిని నిలబెట్టిందని డాక్టరమ్మ అందరి ముందూ చెప్పింది. ఇంకోసారి తలనొప్పి, వాంతులు అంటూ ఒక ముసలాయన్ని ఇంటివాళ్ళు నడిపించుకొచ్చారు. కడుపులో తేడా చేసిందని వాళ్ళ నమ్మకం, పోతూ పోతూ కళ్ళజోడు బాగుచేయించుకుందామని లోపలికొచ్చారు. చీటీలక్క ఆయన ఎర్రబడ్డ కన్ను చూసి, దీపం చుట్టూ రంగుల చక్రాలు కనిపిస్తున్నాయా అని అడిగి, ఆయన తలూపగానే ఎర్ర చీటీ చింపింది. కంట్లో ఒత్తిడి పెరిగిపోయి, ఇంకాసేపుంటే చూపు పోయేదట.

ఇన్ని మెప్పులు పొందిన మనిషికి కాస్త గర్వం ఉండడం సహజం. చీటీలక్కకి కాస్త కాదు, బోలెడంత ఉంది. దానికి తోడు కోపం ఎప్పుడూ ముక్కు మీదే. "మీ ఊరూ పేరూ పెళ్ళీ పేరంటం నాకెందుకు, కంటి సంగతి చెప్పండి" అని కసిరేది. జనం చెప్పే సవాలక్ష మాటల్ని ఆవిడ ఏడెనిమిది మాటల్లోకి దింపేసింది. నలుసు, ఎరుపు, నీరు, దెబ్బ, మందు, పొర, జోడు. మసకగా ఉందన్నా, మబ్బు పట్టిందన్నా, తెర అన్నా, పొగ అన్నా, చీటీ మీద మాత్రం "పొర" అనే పడేది. శుక్లాలకి అందరూ అనే మాట అదే. నూటికి తొంభైతొమ్మిది సార్లు అది నిజమే అయ్యేది కూడా.

ఆ సోమవారం కళ్ళకలక జోరు మీద ఉంది. ఊళ్ళో సగం మంది నల్ల కళ్ళద్దాలతో ఆసుపత్రి గుమ్మంలోనే నిలబడ్డట్టు ఉంది. "ఆ చెయ్యి కంటి దగ్గరికి పోనివ్వకయ్యా! పక్కవాళ్ళ తువ్వాలు వాడకండి! ఆ బల్ల ముట్టుకోకండి, మీకో దండం!" అని పొద్దున్నించీ అరిచి అరిచి ఆవిడ గొంతు బొంగురుపోయింది. అప్పుడు వరసలో ముందుకొచ్చాడు కర్టెన్లు కుట్టే ఆయన. నలభై దాటిన మనిషి, బక్కగా ఉన్నాడు. చొక్కా నిండా రంగురంగుల దారపు ముక్కలు. ఎడమ కంట్లో నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసి ఉంది, చిన్నప్పటి దెబ్బ తాలూకు మచ్చ.

"ఏమైంది?"

"మూడు రోజుల్నించీ దారపు ముక్కలు ఎగురుతున్నట్టు కనిపిస్తున్నాయమ్మా..."

"కర్టెన్లు కుట్టేవాడికి దారాలు కాకపోతే ముత్యాలు కనిపిస్తాయా? చొక్కా దులుపుకో, పోతాయి!"

వరసంతా గొల్లున నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. నవ్వుతూనే, "మెరుపులు కూడా మెరుస్తున్నాయి. నిన్నట్నించి తెరలాగా ఏదో..." అని చెయ్యి ముక్కు పక్కకి తీసుకెళ్ళాడు. చీటీలక్క అప్పటికే తల దించుకుని ఉంది. తెల్లటి ఎడమ కన్ను ఆవిడ చూసేసింది, "తెర" అన్న మాట వినేసింది. తెల్ల చీటీ మీద "పొర" అని రాసి, పక్క గదిలో తేదీ వేయించుకోమని చేతిలో పెట్టింది. ఆయన చీటీ వంక చూస్తూ ఒక క్షణం అక్కడే నిలబడ్డాడు. "ఇంకా ఏంటి? వెనకాల ఎంతమంది ఉన్నారో చూశావా?" అంది ఆవిడ. ఆయన జరిగాడు. పక్క గదిలో పదిహేను రోజుల తరవాతకి తేదీ పడింది.

మర్నాడు పొద్దున్న ఏడున్నరకి చీటీలక్క ఇంట్లో అన్నం డబ్బా సర్దుకుంటోంది. భర్త పోయాక ఆ ఇంట్లో అత్తాకోడళ్ళిద్దరే మిగిలారు. అత్తగారికి రెండు కళ్ళకీ శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి కంటి విషయాల్లో ఆవిడకీ పెద్దరికం ఉంది. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, ఎండ మొహాన పడుతుంటే, "ఆ తెర కాస్త ఇటు జరపవే, కళ్ళు పోతున్నాయి" అంది.

చీటీలక్క తెర పట్టుకుని లాగింది. కిటికీ ఒక పక్కనుంచి చీకటి జరుగుతూ వచ్చి వెలుతురుని సగానికి కోసింది. అవతలి సగం మాత్రం స్పష్టంగానే ఉంది. ఆవిడ చెయ్యి గుడ్డ మీదే ఆగిపోయింది.

"అత్తయ్యా, మీకు పొర ఉన్నప్పుడు ఎలా కనిపించేది?"

"ఎలా ఏంటి, మొత్తం మసక. అంతా ఆవిరి పట్టినట్టు. ఇప్పుడెందుకు అదంతా?"

"ఒక పక్కనించి జరుగుతూ వచ్చినట్టు ఉండేదా?"

"నీకేమన్నా మతిపోయిందా? పొర ఎక్కడన్నా జరుగుతుందా!"

దారపు ముక్కలు, మెరుపులు, తెర. మూడూ ఆయన చెప్పాడు, వరసగా, ఒకదాని తరవాత ఒకటి. డాక్టరమ్మ కొత్తగా వచ్చిన నర్సులకి ఏటా చెప్పే పాఠంలో ఇవే మూడు, ఇదే వరస. పక్కన నిలబడి పంతొమ్మిదిసార్లు విన్నది తనే. ఇక ఆయన చెయ్యి ఎటు వెళ్ళింది? కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. ముక్కుకి కుడిపక్క. కుడి కన్ను. తను చూసింది ఎడమ కన్ను. అది ఎప్పుడో పోయిన కన్ను, దాని గురించి చెప్పడానికి ఆయన రాలేదు. ఆయనకున్నది ఒకటే కన్ను, ఆ కంట్లో తెర నడుస్తోంది, తను ఆయనకి పదిహేను రోజులు గడువిచ్చి పంపింది.

డబ్బా అక్కడే వదిలేసింది. చెప్పులు తారుమారుగా వేసుకుని వీధిలోకి పరుగెత్తింది. వెనకనించి అత్తగారి గొంతు వినిపిస్తూనే ఉంది. బస్సులో కూర్చోలేదు, దిగే తలుపు దగ్గరే నిలబడింది. ఆయన అప్పటికే చీకట్లో కూర్చుని ఉంటాడేమోనన్న ఆలోచన దారంతా వదల్లేదు.

పెద్ద డాక్టరమ్మ అప్పుడే వచ్చి చేతులు కడుక్కుంటోంది. చీటీలక్క గుమ్మం దగ్గరే నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. తన జోకు కూడా దాచలేదు. డాక్టరమ్మ కుళాయి కట్టేసింది కానీ చేతులు తుడుచుకోలేదు.

"రెండో కన్ను?"

"లేదమ్మా. పువ్వేసి ఉంది."

"తెర ఎప్పుడు మొదలైందన్నాడు?"

"నిన్నటికి ముందు రోజు."

డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండుననిపించింది చీటీలక్కకి. "కంటి వెనక గోడకి రెటీనా కాగితంలా అతికి ఉంటుందని నీకు చెప్పక్కర్లేదు. అది ఊడుతోంది. చివర్లు ఊడితే నేను మళ్ళీ అతికిస్తాను. నడిమధ్య ఊడిందంటే అతికించినా సూదిలో దారం ఎక్కించే చూపు మాత్రం రాదు. వెళ్ళు. దొరికితే తల కదపనివ్వకు, వంగనివ్వకు, బరువులు ఎత్తనివ్వకు. నేను థియేటర్ ఖాళీగా ఉంచుతాను."

రిజిస్టర్‌లో ఆయన ఫోను నంబరు ఉంది. మోగుతోంది, ఎత్తేవాళ్ళు లేరు. ఆరుసార్లు చేసింది. పేరు రాయాల్సిన చోట తన చేతిరాతే, "కర్టెన్లాయన" అని. పేరు రాస్తే అర నిమిషం పడుతుందని పనిని బట్టి రాసే అలవాటు తనది. చిరునామా చోట "కుట్టుమిషన్ల వీధి" అని మాత్రం ఉంది. ఆ రాత చూసి ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

కుట్టుమిషన్ల వీధి ఇద్దరు మనుషులు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. ఇటూ అటూ గదుల్లో మిషన్ల మోత. ఫోను ఎందుకు ఎత్తలేదో అక్కడికెళ్ళాక అర్థమైంది. తన గొంతే తనకి వినిపించడం లేదు. మొదటి కొట్టువాడు "కర్టెన్లా? మాది పిల్లల బట్టలు" అన్నాడు. రెండో వాడు వినకుండానే చెయ్యి ఊపాడు. మూడో చోట ఇద్దరు ఆడవాళ్ళు తలగడ గలీబులు కుడుతూ, "ఏ కర్టెన్లాయన? ఇక్కడ నలుగురున్నారు" అన్నారు.

"ఒక కంట్లో పువ్వుంటుంది."

"అలా చెప్పు! చివరి గది, నీలం తలుపు."

నీలం తలుపు వెనక ఆయన భార్య ఒక్కతే మిషను తొక్కుతోంది, ఆయన ఫోను పక్కన గుడ్డల మీదే ఉంది. గుడ్డల గుట్టల మధ్య నిలబడి చీటీలక్క ఆయన ఎక్కడని అడిగింది. మీరెవరని ఆవిడ అడిగింది. ఆసుపత్రినించి అనగానే ఆ ముఖంలో వెలుగు వచ్చింది, ఇంత దూరం వచ్చి పలకరిస్తారా మీ వాళ్ళు అని.

"మీటింగు హాల్లో కర్టెన్లు బిగించడానికి వెళ్ళారండి. నిన్నట్నించి ఇంకా ఎక్కువైందంటున్నారు, ఒక పక్క అసలు ఆనడం లేదట. వద్దన్నాను. తెల్ల చీటీ ఇచ్చారంటే భయం లేదన్నమాటేగా, అంత ప్రమాదమైతే ఎర్ర చీటీ ఇచ్చేవారుగా అన్నారు."

"ఎక్కడా హాలు?" అన్న మాట బయటికొచ్చేసరికి గొంతు కీచుమంది. ఆ గొంతు విని భార్యకీ భయం అంటుకుంది. మిషను మీద గుడ్డ సూది కిందే వదిలేసి ఆవిడా వెంట బయల్దేరింది. దారిలో "ఏమైందండీ? చెప్పండి, ఏమైందీ?" అని అడుగుతూనే ఉంది. చీటీలక్క పంతొమ్మిదేళ్ళలో రోజుకి వందసార్లు అడిగిన ప్రశ్న అది. జవాబు చెప్పడం ఎంత కష్టమో ఆవేళే తెలిసింది.

"కంట్లో లోపలి పొర... పొర కాదు. రెటీనా ఊడుతోందమ్మా. వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. నిన్ననే చెయ్యాల్సింది. నేను తప్పు రాశాను."

భార్య నడక పరుగైంది.

హాలు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. లోపల కుర్చీలన్నీ ఒక మూలకి నెట్టేసి ఉన్నాయి. రెండు నిలువుల ఎత్తు కిటికీ దగ్గర నిచ్చెన. ఆ నిచ్చెన చివరి మెట్టుకి ఒకటి కింద ఆయన, మెడ వెనక్కి విరిచి, భుజం మీద బరువైన గుడ్డ మోస్తూ, ఇనప కడ్డీకి రింగులు తొడుగుతున్నాడు. ఎడమచెయ్యి గాల్లో తడుముతోంది. కడ్డీ చివర ఎక్కడుందో ఆయనకి కనిపించడం లేదు.

భార్య నోరు తెరిచింది. చీటీలక్క ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఇప్పుడు కేకేస్తే ఆయన తల తిప్పుతాడు. అదిరిపడి తిప్పుతాడు, అడుగు తప్పుతాడు. పడితే కన్నే కాదు, మనిషే దక్కడు. చీటీలక్క నిచ్చెన కాళ్ళు రెండూ గట్టిగా పట్టుకుంది. జీవితంలో ఎన్నడూ వాడని గొంతు ఒకటి వెతుక్కుని బయటికి తీసింది.

"బాబూ, నేను ఆసుపత్రి చీటీలావిడని. కిందికి చూడకండి. తల అలాగే ఉంచండి. ఆ గుడ్డ వదిలెయ్యండి, పడనివ్వండి. ఇప్పుడు ఒక్కో మెట్టూ, మెల్లిగా, కాలితో తడుముకుంటూ దిగండి. నిచ్చెన నేను పట్టుకున్నాను."

గుడ్డ ధబ్బున పడి దుమ్ము లేచింది. ఆయన దిగుతున్నాడు. ప్రతి మెట్టు దగ్గరా పాదం ఒకసారి గాల్లో వెతుక్కుంటోంది. అలా వెతుక్కున్న ప్రతిసారీ చీటీలక్క నిచ్చెనని ఇంకాస్త నొక్కి పట్టింది. పదకొండు మెట్లు. నేల తగిలాక భార్య ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది. చీటీలక్క ఆయన ముఖానికి ఎదురుగా నిలబడి, ఎడమ కంటికి చెయ్యి అడ్డం పెట్టక్కర్లేదని గుర్తొచ్చి చెయ్యి దించేసింది.

"నా ముక్కు వంకే చూడండి. ఏం కనిపిస్తోంది?"

"ముక్కు ఉందమ్మా. అటు చెంప లేదు." ఆయన చెయ్యెత్తి చూపించింది ఆవిడ కుడి చెంపని. "పొద్దున్న మా ఆవిడకి రెండు చెంపలూ ఉన్నాయి."

హాలు చూసుకునే మేనేజరు వ్యాను తీశాడు. వెనక సీటు మీద ఆయన్ని కుడి చెంప కిందికి వచ్చేలా పడుకోబెట్టారు. ఫోనులో డాక్టరమ్మ చెప్పిందదే. చీటీలక్క సీట్ల మధ్య కింద మోకాళ్ళ మీద కూర్చుని ఆయన తలని రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది. ఆయనకి ఎదురుగా ఉండాలని తన తల కూడా పక్కకి వాల్చింది. ఇద్దరి ముఖాల మధ్యా జానెడు దూరం. ఆ అవతారం వేరే రోజు చూసి ఉంటే వరసలో జనం మళ్ళీ గొల్లుమని ఉండేవాళ్ళు.

రోడ్డు మీద గుంట వచ్చినప్పుడల్లా ఆవిడ అడిగేది.

"ముక్కు ఉందా?"

"ఉందమ్మా."

ఎర్ర దీపం దగ్గర వ్యాను ఆగింది. మేనేజరు హారను కొడుతున్నాడు. ముందు సీట్లో భార్య ఏదో గొణుక్కుంటోంది.

"ముక్కు?"

"ఉంది."

వంతెన ఎక్కేచోట ఒక్క కుదుపు. ఆయన కన్ను టపటపా కొట్టుకుంది. జవాబు రాలేదు.

"బాబూ? ముక్కు ఉందా? బాబూ!"

"ఉండండమ్మా... చెమట పడింది కంట్లో... ఉంది. కాస్త వంకరగా ఉంది."

నడిమధ్యకి తెర చేరువైతే గీతలు వంకరపోతాయని ఆవిడకి తెలుసు. ఆయనకి తెలియదు. తెలియని మనిషి కళ్ళలోకి చూస్తూ మిగతా దారంతా ముఖంలో భయం కనిపించనివ్వకుండా ఉండడం ఆవిడకి చేతకాలేదు. అదృష్టం, ఆయనకి కనిపించేది ముక్కు ఒక్కటే.

గుమ్మంలో ఆవిడ తన బల్ల మీదనుంచి ఎర్ర చీటీ చింపింది. ఏం రాయాలో ఒక్క మాట తోచలేదు. "తెర. కుడి కన్ను. ఒంటి కన్ను" అని మూడు ముక్కలు రాసి ఆయన జేబులో పెట్టింది. అప్పటికే స్ట్రెచర్ ఎదురొస్తోంది కాబట్టి ఆ చీటీ అవసరం ఎవరికీ పడలేదు.

ఆపరేషన్ జరిగినంతసేపూ ఆవిడ రోగులు కూర్చునే బెంచీ మీద, ఆయన భార్య పక్కన కూర్చుంది. పంతొమ్మిదేళ్ళలో ఆ బెంచీ మీద కూర్చోవడం అదే మొదలు. అక్కడినించి చూస్తే తన బల్ల ఇంత ఎత్తుగా కనిపిస్తుందని ఎప్పుడూ అనుకోలేదు. మధ్యాహ్నం మూడింటికి డాక్టరమ్మ బయటికొచ్చి టోపీ తీసింది.

"అంచుదాకా వచ్చింది. నడిమధ్య ఊడిందో లేదో వెంట్రుక వాసి తేడా. గుడ్డు చుట్టూ లోపల పట్టీ బిగించి అతికించాను. రేపు కట్టు విప్పితే గానీ ఏమీ చెప్పలేను." చీటీలక్క వైపు తిరిగి, "మనం తరవాత మాట్లాడదాం" అంది. ఆ మాటకి భయపడడానికి కూడా చీటీలక్క దగ్గర భయం మిగల్లేదు. ఉన్నదంతా రేపటి కట్టు మీదే ఉంది.

మర్నాడు ఎనిమిది కాకముందే ఆవిడ వార్డులోకి వెళ్ళింది. ఆయన మంచం మీద కదలకుండా పడుకుని ఉన్నాడు. పనిచేసే కన్ను కట్టు కింద, పనిచెయ్యని కన్ను తెరిచి. అంటే ఆయనకి నిన్నట్నించీ అంతా చీకటే. భార్య మంచి నీళ్ళకి వెళ్ళింది. అడుగుల చప్పుడు విని ఆయన "ఎవరూ?" అన్నాడు. ఆ "ఎవరూ"లో ఉన్న బెదురు విని ఆవిడ తలుపు దగ్గరే ఆగిపోయింది.

"నేనే, చీటీలావిడని."

"రండమ్మా." తల కదపకుండానే, "ఇలాగే ఉండిపోతుందా?" అన్నాడు.

"తెలీదు బాబూ. ఇంకో గంటలో విప్పుతారు." స్టూలు లాక్కుని కూర్చుంది. "తప్పు నాది. మీరు తెర అన్నారు, నేను పొర అని రాశాను."

"తెలుసమ్మా."

"డాక్టరమ్మ చెప్పారా?"

"లేదు, అప్పుడే చదివాను. మీరు చేతిలో పెట్టగానే. పొర అని ఉంది. నేను తెర అన్నానే, ఇదేంటీ అనుకున్నాను. నాకు రెండూ ఒకటి కాదు కదా, తెరలు కుట్టేవాణ్ణి. పక్క గదిలో తేదీ వేయించుకున్నాక కూడా మనసొప్పలేదు. మళ్ళీ చెబుదామని మీ బల్ల వైపు రెండడుగులు వేశాను." ఆయన చెయ్యి దుప్పటి అంచు తడుముతూ కుట్టు లెక్కపెడుతోంది. "మీరు అప్పుడెవర్నో కసురుతున్నారు. భయమేసింది. పెద్దవారు, మీకు తెలీదా అనుకుని వెళ్ళిపోయాను."

చీటీలక్క ఏడవలేదు. ఏడిస్తే ఆ కట్టు కింద కన్ను కూడా తడుస్తుందేమోనని పిచ్చి భయం వేసింది. స్టూలు అంచు పట్టుకుని కూర్చుంది.

తొమ్మిదింటికి డాక్టరమ్మ వచ్చింది. కిటికీ మూయించింది. కట్టు మెల్లిగా విప్పింది. కన్ను ఎర్రగా ఉబ్బి ఉంది, రెప్ప అతుక్కుని ఉంది. తడి దూదితో మెల్లిగా తుడిచి, "తెరువు" అంది. రెప్ప కొంచెం లేచి, మళ్ళీ పడి, మళ్ళీ లేచింది. డాక్టరమ్మ చీటీలక్కని భుజం పట్టి ముందుకి తోసింది. చీటీలక్క ఆయన ముఖం మీదికి వంగింది.

"ఏం కనిపిస్తోంది?"

భార్య మంచం కోడు పట్టుకుంది. ఆయన ఎర్రటి కంట్లోంచి నీళ్ళు కారుతున్నాయి. చాలాసేపు చూశాడు.

"ముక్కు ఉంది. ఇంకా కాస్త వంకరే." ఆగాడు. "చెంప కూడా వచ్చిందమ్మా. రెండూ ఉన్నాయి." ఆవిడ వంకే చూస్తూ, "ఏంటమ్మా, ఇవాళ ముక్కు మీద కోపం కనబడ్డం లేదు?" అన్నాడు.

భార్య నవ్వేసింది, ఏడుస్తూనే. డాక్టరమ్మ వేళ్ళు చూపించి లెక్కపెట్టించింది, తప్పుల్లేవు. వంకర తగ్గడానికి నెలలు పడతాయని, పూర్తిగా పోకపోవచ్చని, సూదిలో దారం మాత్రం ఎక్కుతుందని చెప్పింది. చీటీలక్క వెనక్కి జరిగి గోడకి ఆనుకుంది.

వరండాలోకి వచ్చాక డాక్టరమ్మ ఆగింది. ఉద్యోగం పోతుందేమో అనుకుంది చీటీలక్క. పోతే పోనీ అని కూడా అనుకుంది. డాక్టరమ్మ మాత్రం, "ఇతను దొరికాడు" అని ఒక్క మాట అని, "బల్ల దగ్గరికి వెళ్ళు, జనం ఉన్నారు" అంది.

ఇతను దొరికాడు. చీటీలక్క ఆ మాట మోసుకుంటూ వరండా అంతా నడిచింది. బల్ల వెనక అలమరాలో పంతొమ్మిదేళ్ళ రిజిస్టర్లు బొత్తులు పెట్టి ఉన్నాయి. ఒకటి తీసి తెరిచింది. పొర, పొర, జోడు, పొర, నీరు, పొర. అన్నీ తన చేతిరాతే, అన్నీ ఒక్కో మాటే. పేర్ల చోట పాలవాడు, మేస్త్రీ, బడి టీచరు, ముసలమ్మ. వాళ్ళలో ఎంతమంది చీటీ చదువుకుని ఇది కాదే అనుకున్నారో, ఎంతమంది రెండడుగులు వేసి ఆగిపోయారో ఆ రిజిస్టర్‌లో ఎక్కడా లేదు. మూసేసి లోపల పెట్టింది.

వరసలో మొదట నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్న ఒక పెద్దావిడ ఉంది. బల్ల దగ్గరికి వచ్చి, అలవాటైన కసురుకి ముందే తల వంచుకుని నిలబడింది.

"ఏమైందమ్మా?"

"ఏం లేదండి, కళ్ళు..." అని ఆవిడ చీటీలు ఉన్న చేతి వంక చూసి నోరు మూసుకుంది.

చీటీలక్క కలం మూత పెట్టి బల్ల మీద పెట్టింది. "ముందు మీ పేరు చెప్పండి. తరవాత ఏమైందో మీ మాటల్లోనే, మొత్తం చెప్పండి. నేను రాసి చదివి వినిపిస్తాను. కాదంటే కాదనండి."

పెద్దావిడ నమ్మలేనట్టు చూసింది. వెనకాల ఎవరో త్వరగా కానిమ్మన్నారు. చీటీలక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఆవిడ నోరు తెరిచేదాకా ఎదురు చూసింది.